ఇంటి ఆడియో పరికరాల ర్యాక్ అమరిక

యాంప్లిఫయర్, టర్న్‌టేబుల్, సీడీ ప్లేయర్, స్ట్రీమర్, సెట్‌టాప్ బాక్స్ వంటి ఇంటి సంగీత పరికరాలను ఒక చట్రంలోనో అలమరలోనో అరల వారీగా నిలపడాన్ని ర్యాక్ అమరిక అంటారు. చూడటానికి ఇది హాలు అలంకరణలా కనిపిస్తుంది. కానీ ఏ పరికరం ఏ అరలో ఉండాలో తేల్చేవి వేడి, కంపనం, అయస్కాంత క్షేత్రం, బరువు. వీటి తర్వాత చేతి అందుబాటు, కేబుళ్ళ దారి, దుమ్ము, తేమ లెక్కలోకి వస్తాయి. ర్యాక్ శబ్దానికి కొత్త అందం తేలేదు. పరికరం ఇవ్వగలిగిన శబ్దాన్ని చెడకుండా చెవి దాకా చేర్చడం, ఆ పరికరాన్ని ఎక్కువ కాలం పనిచేయించడం దాని బాధ్యత.

చరిత్ర

సంగీత యంత్రాన్ని ఇంటి సామానులో భాగం చేయాలన్న ఆలోచన గ్రామఫోన్ కాలం నాటిది. తొలి గ్రామఫోన్ల పెద్ద బాకా గదిలో చాలా చోటు ఆక్రమించేది. 1906లో అమెరికాలోని విక్టర్ టాకింగ్ మెషీన్ సంస్థ ఆ బాకాను చెక్క పెట్టె లోపలికి మడిచి విక్ట్రోలా పేరుతో అమ్మకానికి పెట్టింది. ముందు తలుపులను ఎంత తెరిస్తే శబ్దం అంత పెరిగేది. ఆ తర్వాత రేడియో, రికార్డ్ ప్లేయర్, స్పీకరు ఒకే పెట్టెలో ఇమిడిన రేడియోగ్రామ్‌లు వచ్చాయి. టేకు తొడుగుతో బీరువాలా నిలబడే రేడియోగ్రామ్ చాలా కాలం పాటు కలిగిన ఇళ్ళకు గుర్తుగా ఉండేది.

వృత్తిపరమైన ర్యాక్ పుట్టిన చోటు వేరు. 1920లలో అమెరికా టెలిఫోన్ వ్యవస్థలో రిలేలు, యాంప్లిఫయర్లు బిగించడానికి 19 అంగుళాల వెడల్పు పలకలు పట్టే ఇనుప చట్రాలు వాడుకలోకి వచ్చాయి. రేడియో కేంద్రాలు, రికార్డింగ్ స్టూడియోలు, కంప్యూటర్ గదులు వాటినే తీసుకున్నాయి. ఈనాటి ఈఐఏ-310 ప్రమాణం ప్రకారం ముందు పలక వెడల్పు 482.6 మి.మీ. ఎత్తును ‘యూ’ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక యూ అంటే 44.45 మి.మీ.

1948లో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్‌పీ రికార్డును, 1950ల చివర పలు సంస్థలు స్టీరియో రికార్డులను విడుదల చేశాయి. స్టీరియోకు రెండు స్పీకర్లు దూరదూరంగా ఉండాలి కాబట్టి అన్నీ ఒకే పెట్టెలో ఇమిడ్చే పద్ధతి వెనకబడింది. ప్లేయర్, యాంప్లిఫయర్, ట్యూనర్, క్యాసెట్ డెక్కు విడివిడిగా కొనే అలవాటు పెరిగింది. 1970ల చివరి నుంచి జపాన్ సంస్థలు ఒకే వెడల్పుతో చేసిన పరికరాలను గాజు తలుపు ర్యాక్‌తో కలిపి అమ్మాయి. ఇంటి ర్యాక్ రూపురేఖలు అప్పుడు స్థిరపడ్డాయి.

తెలుగు ఇళ్ళలో చాలామందికి మొదట పరిచయమైనది టూ ఇన్ వన్. రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసిన ఈ పెట్టెను గల్ఫ్ దేశాలకు వెళ్ళిన కోనసీమ, కడప, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల వాళ్ళు విరివిగా తెచ్చుకున్నారు. దానికి షోకేసులో ఒక అర చాలేది. హైదరాబాద్ కోఠి వంటి చోట్ల విడిభాగాలు కొని మెకానిక్ చేత యాంప్లిఫయర్ బిగించుకున్నవాళ్ళు, సీడీ ప్లేయర్, ఆపైన హోమ్ థియేటర్ కొన్నవాళ్ళు అదే షోకేసులో అన్నీ సర్దవలసి వచ్చింది. పింగాణీ బొమ్మలకు, జ్ఞాపికలకు చేయించిన ఆ గాజు అలమరలో గాలి ఆడదు, వెనక తీగలకు దారి ఉండదు. ఇప్పటి టీవీ యూనిట్లలో చాలావాటికి కూడా ఇదే లోపం ఉంది.

కొలతలు, పదార్థాలు

పూర్తి పరిమాణపు ఇంటి పరికరాలు సాధారణంగా 43 నుంచి 44 సెం.మీ. వెడల్పు ఉంటాయి. లోతు 30 నుంచి 45 సెం.మీ. వరకు మారుతుంది. వెనక ప్లగ్గులు, కేబుళ్ళ వంపు కలిపితే మరో 8–10 సెం.మీ. కావాలి. కాబట్టి అర లోపలి వెడల్పు కనీసం 50 సెం.మీ., లోతు 55 సెం.మీ. ఉంటే దాదాపు ఏ పరికరమైనా పడుతుంది. వడ్రంగికి కొలతలు ఇచ్చేటప్పుడు పలక మందం పోను మిగిలే లోపలి కొలత చెప్పాలి.

ఇంటి ర్యాక్‌లు ప్రధానంగా నాలుగు రకాలు: అన్ని వైపులా తెరిచి ఉండే చట్రం, తలుపులున్న అలమర, పొట్టిగా వెడల్పుగా ఉండే టీవీ యూనిట్, గోడకు బిగించే అర. తెరిచిన చట్రానికి గాలి బాగా ఆడుతుంది, దుమ్ము ఎక్కువ పడుతుంది. అలమరలో ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. 19 అంగుళాల ఇనుప ర్యాక్‌ను ఇంట్లో వాడేవాళ్ళూ ఉన్నారు; ముందు పలకకు చెవులు లేని ఇంటి పరికరాలను అందులో విడి ట్రేల మీద పెట్టాలి.

2018లో హైదరాబాద్‌లో ఐకియా తొలి భారతీయ దుకాణం తెరిచాక క్యాలెక్స్ అరలు ఇక్కడా రికార్డు ప్రియుల ఇళ్ళకు చేరాయి. వాటి గడి లోపలి కొలత సుమారు 33 సెం.మీ. చదరం కావడంతో 12 అంగుళాల ఎల్‌పీ అట్టలు చక్కగా నిలబడతాయి. 43 సెం.మీ. యాంప్లిఫయర్ మాత్రం ఆ గడిలో పట్టదు.

పలక మందం బరువును బట్టి తేల్చుకోవాలి. మధ్యలో బరువు పెట్టిన పలకకు మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే 18–19 మి.మీ. ప్లైవుడ్ అర పొడవుగా సాగితే మధ్యలో ఒక నిలువు ఆధారం ఇవ్వడం మేలు. నిలువుగా పేర్చిన ఎల్‌పీలు ఒక మీటరు పొడవుకు 50 కిలోలకు పైగా తూగుతాయి. ఎండీఎఫ్ నునుపుగా, సమతలంగా ఉంటుంది కానీ నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది. తేమ ఉన్న ఊళ్ళలో బీడబ్ల్యూఆర్ రకం ప్లైవుడ్‌కు, నీళ్ళు చేరే గోడల దగ్గర ఐఎస్ 710 ప్రమాణపు మెరైన్ ప్లైవుడ్‌కు పెట్టే ఖర్చు వృథా కాదు.

తెలుగు నేలలో సులభంగా దొరికే మంచి పదార్థం కడప రాయి. వంటింటి గట్లకు, గోడ అరలకు తరాలుగా వాడుతున్న ఈ నల్ల సున్నపురాయి బండ చెదలు పట్టదు, తేమకు వంగదు. 60 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం ఉన్న బండ సుమారు 14 కిలోలు ఉంటుంది. ఆ బరువు వల్ల టర్న్‌టేబుల్ కింద స్థిరమైన పీఠంగా నిలుస్తుంది. రాయిని వేలితో తడితే ఖంగుమంటుంది కాబట్టి దానికీ చట్రానికీ మధ్య రబ్బరు బిళ్ళలు పెట్టడం మంచిది.

పరికరాల క్రమం

అన్నిటికన్నా పై అర టర్న్‌టేబుల్‌ది. దాని మూత తెరవడానికి పైన ఖాళీ కావాలి, రికార్డు పెట్టడానికి నిలబడ్డ మనిషి చేతికి అందాలి, ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా ఉండాలి. ఈ మూడూ పై అరలోనే కుదురుతాయి. టర్న్‌టేబుల్ లేని ఇంట్లో ఆ చోటు ఎక్కువ వేడినిచ్చే యాంప్లిఫయర్‌కు ఇవ్వవచ్చు. వాల్వ్ యాంప్లిఫయర్ గొట్టాలు చేయి కాలేంత వేడెక్కుతాయి. దాని పైన ఏ పలకా ఉండకూడదు, పిల్లల చేతికి అందకూడదు.

మధ్య అరలలో టర్న్‌టేబుల్ సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్లిఫయర్, సీడీ ప్లేయర్, డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే డీఏసీ, స్ట్రీమర్ వంటి తక్కువ విద్యుత్తు వాడే పరికరాలు ఉంటాయి. డిస్క్ ట్రే బయటికి వచ్చే పరికరాన్ని నడుము ఎత్తులో ఉంచితే వాడుక తేలిక. పవర్ యాంప్లిఫయర్, ఏవీ రిసీవర్ బరువైనవి కనుక కింది అరలో నిలబెడితే ర్యాక్ స్థిరంగా ఉంటుంది. అయితే వేడి పైకి పోతుంది కాబట్టి వాటి మీది అరకూ వాటికీ మధ్య ధారాళంగా ఖాళీ ఉంచాలి. బరువు కిందికి లాగుతుంది, వేడి పై చోటు కోరుతుంది. ఈ రెండింటిలో ఏది ముఖ్యమో ఆ ఇంటి పరికరాలను బట్టి తేలుతుంది.

ఒక పరికరం మీద ఇంకొకటి నేరుగా పేర్చడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. యాంప్లిఫయర్ పై రేకుకున్న రంధ్రాలు వేడి బయటికి పోయే దారులు. వాటి మీద సెట్‌టాప్ బాక్స్ పెడితే రెండూ ఉడుకుతాయి.

వేడి, గాలి ప్రసారం

యాంప్లిఫయర్ తీసుకునే విద్యుత్తులో స్పీకరుకు చేరేది కొంత భాగమే, మిగిలినది వేడిగా మారుతుంది. క్లాస్ ఏ రకం పాట లేనప్పుడు కూడా దాదాపు పూర్తి వేడిని ఇస్తూనే ఉంటుంది. క్లాస్ ఏబీ రకానికి సిద్ధాంతపరమైన గరిష్ఠ సామర్థ్యం 78.5 శాతం; ఇంట్లో నెమ్మదిగా పెట్టుకుని వినేటప్పుడు అది ఇంకా బాగా తగ్గుతుంది. క్లాస్ డీ రకం పూర్తి శక్తితో పనిచేసేటప్పుడు 90 శాతం దాకా సాధిస్తుంది కనుక చల్లగా ఉంటుంది, ఇరుకు అరను తట్టుకుంటుంది.

వేడికి మొదట నష్టపోయేవి ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లు. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఇంజినీర్లు పాటించే లెక్క. చాలా ఏవీ రిసీవర్ల మాన్యువల్స్ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని చెబుతాయి. రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం బయట 45 డిగ్రీలు కాస్తుంటే మూసిన అలమర లోపలి సంగతి ఊహించవచ్చు. చల్లని దేశంలో అలమరను క్షమించే పరికరం ఇక్కడ క్షమించదు.

కొన్ని సంస్థలు రిసీవర్ పైన 30 సెం.మీ., పక్కల, వెనక 20 సెం.మీ. చొప్పున ఖాళీ అడుగుతాయి. అంత చోటు లేకపోతే అలమర వెనక పలకను తీసివేయడం చవకైన, మంచి పరిష్కారం. తలుపు ఉంచాలనుకుంటే గాజుకు బదులు వెదురు అల్లికో సన్నజాలీయో వాడవచ్చు. వేడి గాలి పైకి లేస్తుంది కనుక అలమర అడుగున గాలి వచ్చే రంధ్రాలు, పైభాగాన వెనకవైపు పోయే రంధ్రాలు ఉండాలి. ఒక్కవైపే రంధ్రాలుంటే ప్రవాహం ఏర్పడదు. ఇవి చాలనప్పుడు 120 మి.మీ. కంప్యూటర్ ఫ్యాన్‌ను తక్కువ వోల్టేజీ మీద నెమ్మదిగా తిప్పి వేడి గాలిని బయటికి లాగించవచ్చు. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే చిన్న ఫ్యాన్ వేగంగా తిరిగినదానికన్నా శబ్దం తక్కువ.

కంపనం

టర్న్‌టేబుల్ సూది చదివేది రికార్డు గాడిలోని అతి సూక్ష్మమైన కదలికలను. నేల నుంచి, గాలి నుంచి వచ్చే కంపనాన్ని కూడా అది సంగీతంగానే తీసుకుంటుంది. స్పీకరు శబ్దం ర్యాక్‌ను కదిపి, ఆ కదలిక సూది ద్వారా మళ్ళీ స్పీకరుకు చేరితే మంద్రస్థాయిలో హోరు పుడుతుంది. కాబట్టి స్పీకరును, ముఖ్యంగా సబ్‌వూఫర్‌ను, టర్న్‌టేబుల్ ఉన్న ర్యాక్ మీద పెట్టకూడదు.

కంపనాన్ని ఆపడానికి స్ప్రింగులు, రబ్బరు పాదాలు వాడతారు. బరువు పడినప్పుడు స్ప్రింగు 1 సెం.మీ. దిగితే ఆ వ్యవస్థ సహజ పౌనఃపున్యం 5 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, 1 మి.మీ. మాత్రమే దిగితే 16 హెర్ట్జ్ దగ్గర. ఆ సంఖ్యకు సుమారు 1.4 రెట్లు దాటిన కంపనాలనే స్ప్రింగు తగ్గిస్తుంది. దాని దగ్గరగా ఉన్నవాటిని పెంచుతుంది. సూది, చేయి కలిసిన వ్యవస్థ సాధారణంగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఊగుతుంది. బరువుకు కొద్దిగానే దిగే గట్టి రబ్బరు బిళ్ళ వేస్తే సరిపోతుందన్న నమ్మకం ఈ లెక్క ముందు నిలవదు. 1961లో ఏఆర్ (అకౌస్టిక్ రీసెర్చ్) సంస్థ తెచ్చిన టర్న్‌టేబుల్‌లో పళ్ళేన్నీ చేయినీ కలిపి మెత్తని స్ప్రింగుల మీద వేలాడదీయడానికి కారణం ఇదే. అలాంటి టర్న్‌టేబుల్‌కు తేలికైన, బిగువైన పీఠం నప్పుతుంది. స్ప్రింగులు లేనిదానికి బరువైన పీఠం నప్పుతుంది.

బ్రిటన్, అమెరికాలలో చెక్క నేల ఉన్న ఇళ్ళలో అడుగుల అదురుకు సూది గెంతుతుంది, అందుకే అక్కడ టర్న్‌టేబుల్‌ను గోడ అర మీద పెట్టడం మామూలు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ జాగ్రత్త అవసరం. స్లాబు మీద టైల్స్ పరిచిన మన ఇళ్ళలో ఆ బెడద తక్కువ. పీఠం సమతలంగా ఉందో లేదో మేస్త్రీలు వాడే రసమట్టంతో చూసుకోవాలి.

యాంప్లిఫయర్, డీఏసీ వంటి కదిలే భాగాలు లేని పరికరాల విషయం వేరు. వాల్వులు కొంతవరకు అదురుకు స్పందిస్తాయి. ట్రాన్సిస్టర్ పరికరాల శబ్దం ఖరీదైన ర్యాక్ వల్ల మారుతుందన్న ప్రచారానికి మాత్రం నమ్మదగిన కొలతల బలం లేదు. ఆ డబ్బు స్పీకర్ల మీదో గది శబ్దగుణాన్ని సరిచేయడం మీదో పెడితే తేడా చెవికి తెలుస్తుంది.

విద్యుత్తు, హమ్

సీడీ ప్లేయర్ ఇచ్చే సంకేతం గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఉంటుంది. టర్న్‌టేబుల్ సూది ఉండే మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టుల లోపు, అంటే 400వ వంతు. మూవింగ్ కాయిల్‌ది ఇంకా పది రెట్లు తక్కువ. పైగా రికార్డుల కోసం వాడే ఆర్‌ఐఏఏ సవరణ 50 హెర్ట్జ్ దగ్గర సంకేతాన్ని మధ్య స్థాయితో పోలిస్తే దాదాపు 7 రెట్లు పెంచుతుంది. మన కరెంటు కూడా 50 హెర్ట్జే. యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కార్ట్రిడ్జ్‌ను తాకితే గుయ్‌మనే హమ్ తప్పదు. ఆ క్షేత్రం దూరం పెరిగే కొద్దీ దాదాపు దూరపు ఘనానికి విలోమంగా పడిపోతుంది కనుక ఒక్క అర దూరం జరిపినా గుర్తించదగిన మేలు ఉంటుంది.

హమ్‌కు రెండో కారణం ఎర్త్ లూప్. ఎర్త్ ఉన్న రెండు పరికరాలను సంకేత కేబుల్‌తో కలిపినప్పుడు, లేదా కేబుల్ టీవీ తీగ బయటి నుంచి మరో ఎర్త్‌ను మోసుకొచ్చినప్పుడు ఇది ఏర్పడుతుంది. అన్ని పరికరాలకూ ఒకే స్విచ్‌బోర్డు నుంచి కరెంటు ఇవ్వడం, కేబుల్ టీవీ తీగకు ఐసోలేటర్ బిగించడం, టీవీ శబ్దాన్ని ఆప్టికల్ కేబుల్ ద్వారా తేవడం దీనికి పరిష్కారాలు. హమ్ పోతుందని మూడో పిన్ను తీసేయడం ప్రాణాపాయం. పరికరంలో లోపం వస్తే లోహపు పెట్టె మొత్తానికి కరెంటు పాకుతుంది.

6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర సుమారు 1,380 వాట్లు ఇవ్వగలదు; సాధారణ సంగీత వ్యవస్థకు అది చాలు. ఏసీ, ఫ్రిజ్ ఉన్న లైను నుంచి కాక వేరే లైను నుంచి తీసుకుంటే మేలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాంప్లిఫయర్ జుమ్మంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఆ ఇబ్బంది ఉండదు. వేసవి గాలివానల్లో పిడుగుల భయం ఉన్నప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ టీవీ, డిష్, ఇంటర్నెట్ తీగలు కూడా పీకాలి. ఉప్పెనలా వచ్చే వోల్టేజీ ఆ దారిన కూడా లోపలికి వస్తుంది.

కేబుళ్ళ దారి

ర్యాక్ వెనక కరెంటు తీగలను ఒక పక్కన, సంకేత కేబుళ్ళను మరో పక్కన దించాలి. తప్పక కలిసే చోట అవి లంబకోణంలో దాటాలి. ఫోనో కేబుల్ పొట్టిగా ఉండాలి, స్పీకర్ తీగ పొడవుగా ఉన్నా నష్టం తక్కువ. అందుకే యాంప్లిఫయర్‌ను ప్లేయర్ల దగ్గర ఉంచి స్పీకర్లకు పొడవు తీగ లాగుతారు. మిగిలిన తీగలను గట్టిగా చుట్ట చుట్టకుండా వెల్క్రో పట్టీతో వదులుగా కట్టాలి. ప్రతి కేబుల్ రెండు చివరలా ఎక్కడి నుంచి ఎక్కడికో రాసిన చీటీ అంటిస్తే ఏళ్ళ తర్వాత మరమ్మతుకు వచ్చినవారికీ అర్థమవుతుంది. ర్యాక్‌ను ముందుకు జరపగలిగేలా తీగలకు కాస్త వదులు, అడుగున చక్రాలు ఉండటం బాగుంటుంది. చక్రాలకు తాళం ఉండాలి.

రిమోట్ పరారుణ కిరణాలు గాజు గుండా పోతాయి, చెక్క తలుపు గుండా పోవు. చెక్క అలమరకు పరారుణ రిపీటర్ అవసరం. వైఫై స్ట్రీమర్‌ను ఇనుప అలమరలో పెడితే సంకేతం బలహీనపడుతుంది. యాంటెనాను బయటికి తేవాలి లేదా నేరుగా నెట్‌వర్క్ కేబుల్ ఇవ్వాలి.

ర్యాక్, స్పీకర్లు, గది

ర్యాక్‌ను స్పీకర్ల మధ్యనే పెట్టాలన్న నియమం లేదు. పక్క గోడకు చేరిస్తే స్పీకర్ల మధ్య స్థలం ఖాళీగా ఉంటుంది, టర్న్‌టేబుల్‌కు తగిలే హోరు తగ్గుతుంది. మధ్యలోనే పెట్టవలసి వస్తే పొట్టి ర్యాక్ ఎంచుకుని, స్పీకర్ల ముఖాలు దానికన్నా కొంచెం ముందుకు ఉండేలా చూడాలి. షోకేసు గడిలోకి తోసిన స్పీకరు మంద్రం ఉబ్బి మోగుతుంది, వెనక రంధ్రం ఉన్న స్పీకరుకు ఊపిరాడదు. స్పీకర్లు స్టాండ్ల మీద, ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, అంటే నేల నుంచి సుమారు 90–100 సెం.మీ. దగ్గర ఉండాలి.

తేమ, పురుగులు, దుమ్ము

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి సాకెట్లను తుప్పు పట్టిస్తుంది. అప్పుడప్పుడు ప్లగ్గులు పీకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టాలి. గాలిలో తేమ 65–70 శాతం దాటి నిలిస్తే రికార్డు అట్టల మీద బూజు పడుతుంది. వానాకాలంలో ర్యాక్‌ను గోడకు కనీసం ఒక జానెడు ఎడంగా ఉంచాలి. వినైల్ 60–70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కనుక రికార్డులను ఎండ పడే కిటికీ పక్కన, యాంప్లిఫయర్ మీద పెట్టకూడదు.

చీమలు, బల్లులు పరికరాల వెచ్చదనానికి లోపల చేరి సర్క్యూట్ బోర్డు మీద షార్ట్ చేస్తాయి. ఎలుకలు తీగలు కొరుకుతాయి. వాడని రంధ్రాలకు సన్నని లోహపు జాలీ బిగించవచ్చు, కానీ జాలీ నిండా దుమ్ము పేరుకుంటే గాలి ఆగిపోతుంది, కనుక నెలకోసారి మెత్తని బ్రష్షుతో దులపాలి. నేలను తడిగుడ్డతో తుడిచే ఇళ్ళలో కింది అర నేల నుంచి 10 సెం.మీ. పైన ఉండాలి, స్పైక్ గార్డును నేల మీద వదలకుండా ర్యాక్ చట్రానికి బిగించాలి.

ఏర్పాటు చేసే తీరు

మొదట పరికరాలన్నిటి కొలతలు, బరువులు, ఒక్కోదానికి కావలసిన ఖాళీ కాగితం మీద రాసుకోవాలి. రాబోయే రెండు మూడేళ్ళలో చేరగల పరికరం కోసం ఒక అర ఖాళీ వదలాలి. వినే చోటు, స్పీకర్ల చోటు తేలాక ర్యాక్ చోటు నిర్ణయించాలి. ఖాళీ ర్యాక్‌ను సమతలం చేసి, ఎత్తైనదైతే గోడకు పట్టీతో బిగించాలి. దాన్ని పట్టుకుని లేచే పసిపిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి. బరువైనవాటిని ముందు ఎక్కించి, కరెంటు తీగలు, తర్వాత సంకేత కేబుళ్ళు, చివర స్పీకర్ తీగలు కలపాలి. అన్నీ కలిపేదాకా స్విచ్ వేయకూడదు.

తర్వాత ఒక గంట పాటు పాటలు వినిపించి ప్రతి పరికరం పై రేకు మీద అరచేయి పెట్టి చూడాలి. కాసేపు చేయి ఆన్చి ఉంచలేనంత వేడి ఉంటే, వాల్వ్, క్లాస్ ఏ రకాలను మినహాయించి, ఆ అరకు గాలి చాలడం లేదని అర్థం. పాట ఆపి, సూది రికార్డు మీద దించకుండా ఫోనో మీటకు మార్చి శబ్దం పెంచితే హమ్ ఉందో లేదో తెలుస్తుంది. పళ్ళెం తిరగకుండా ఆపి, సూదిని రికార్డు మీద దించి, శబ్దం పరిమితంగా ఉంచి ర్యాక్‌ను వేలి కణుపుతో నెమ్మదిగా తడితే కంపనం ఎంత చేరుతున్నదో స్పీకర్లో వినిపిస్తుంది. ఈ మూడు పరీక్షలకు కొలిచే పరికరాలేమీ అక్కర్లేదు. వీటిలో నెగ్గిన ర్యాక్ వడ్రంగి చేసినదైనా, విదేశం నుంచి తెప్పించినదైనా, కడప బండ మీద నిలిచినదైనా తన పని తాను చేస్తున్నట్టే.